కోను మీది నూలు

ఏప్రిల్ జీతం చీటి వచ్చింది.
సూపర్‌వైజర్ సదానందం ఒక్కొక్కరి చేతిల పెడుతూ
పెండ్లి పత్రిక పంచినట్టు నవ్విండు.
"ఓదెలూ, పీఎఫ్‌ల కంపెనీ వాటా పెరిగింది రా,
నూటికి ఇంకో రూపాయి.
అడగకుండనే ఇచ్చిండ్రు."

వైండింగ్ మిషన్ కాడ నిలబడే చదివిన.
వాళ్ల వాటా గడిల అంకె ఒళ్లు చేసింది.
కింద, చేతికొచ్చే గడిల
పోయినేటి అంకే
కదలక మెదలక కూసుంది.
ఏటా ఈ నెలల ఎంతో కొంత జరిగేది అది,
మూడు వందలో నాలుగు వందలో,
పిల్లల చెప్పులకు సరిపోయేంత.

"ఇది ఇచ్చినంక అదెట్లిస్తరు?"
అన్నడు సదానందం, ముందుకు పోతూ.

పొద్దంతా నేను చేసే పని గదే.
చిన్న కండె మీది నూలు
పెద్ద కోనుకెక్కిచ్చుడు.
ఆరేండ్లల
ఒక్క గజం పెరిగింది చూడలే.

అట్లని తిట్టబుద్ధి కాదు.
భీవండిల తొమ్మిదేండ్లు మగ్గాల మోతల పడ్డ.
అక్కడ పైస కోత లేదు, వాటా లేదు, ఖాతా లేదు.
శనివారం శనివారం నోట్లు చేతిలకే.
చేతిల నుంచి ఎటు పోయినయో ఇప్పటికీ తెల్వది.
వరంగల్ బండి ఎక్కినప్పుడు వెంట వచ్చింది
ఒక గోడ గడియారం, ఒక దగ్గు.
కోనుకెక్కిన నూలు
చిక్కన్న పడకుండ ఉంటది కదా
అనుకున్న.

రాత్రి ఫోన్ల మెసేజ్ చదివి వినిపిస్తే
యాకమ్మ వేళ్ల మీద లెక్క వేసింది.
"ఇంత జమైతుంటే ఇంక చిట్టీ ఎందుకు?"
కరీమాబాద్ శోభారాణి కాడ
నెలకు వెయ్యి కట్టే చిట్టీ అది.
నడిమిట్ల ఆపితే కొంత కోసుకొనే ఇచ్చింది శోభారాణి.
నిజం చెప్పాలంటే ఆ మూడు నెలలు బాగున్నయి.
ఆదివారం ఇంట్ల కొర్రమట్ట వాసన,
చిన్నోడు ముల్లు తీయమని తల్లి పక్కకు జరుగుడు.
నేను చీటి మీది లావు అంకెను
గోడ లెక్క ఆనుకొని నిద్రపోయిన.

శ్రావణంల ఒక రాత్రి గాలి
వంటింటి మీది రేకులు లేపుకపోయింది.

ఖాతాల ఉన్నయి లక్షా ముప్పై వేలు.
మీ సేవ కాడ రెండు దినాలు నిలబడ్డ.
ఆధార్‌ల నేను ఓదెలు,
ఖాతాల ఓదేలు.
ఒక దీర్ఘం అడ్డం పడ్డది.
దాన్ని తీయడానికి మిల్లు ఆఫీసు సంతకం,
సంతకానికి సారు,
సారు కోయంబత్తూర్ పోయిండు.

మళ్ల శోభారాణి గుమ్మమే.
చిట్టీ ఉంటే పాడుకొని ఎత్తుకునేది.
ఇప్పుడు పన్నెండు వేలు, నూటికి మూడు రూపాల మిత్తి.
నోట్లు లెక్కపెట్టుకుంట అడిగింది ఆమె,
"నీ మొగనికి కంపెనీ బాగనే జమ చేస్తుందట గదా?"
యాకమ్మ నవ్వలేదు. అవునన్నది.

అట్ల ఒకే పేరు మీద
ఒక దిక్కు జమ, ఒక దిక్కు అప్పు.
ఒకే ఇంట్ల మాటలు లేని అన్నదమ్ముల లెక్క
ఒకదాని మొఖం ఒకటి చూడకుండ పెరుగుతున్నయి.

రాజవీరు మామ అంటడు, "ఓపిక పట్టు రా.
నువ్వు తినలేవు, నీ బామ్మర్ది తినలేడు,
గదే దాని బలం."
ఆయన పని చేసిన జిన్నింగ్ మిల్లు మూతవడ్డప్పుడు
చేతికి ఒక గోనెసంచి వచ్చిందట, ఖాళీది.
ఆయన మాట కాదనలేను.
ఔననడానికి
వంటింటి దిక్కు చూడకుండ ఉండాలె.

రాత్రి షిఫ్టుకు టిఫిన్ గిన్నె కట్టుకుంట
యాకమ్మ అడిగింది,
"యాభై ఎనిమిదికి ఇంకెన్నేండ్లు నీకు?"
"పదిహేడు."
"పదిహేడు వానకాలాలు,"
అన్నది తనలో తనే.

సగం కొత్త రేకులు, సగం పాతయి.
రెండూ కలిసిన సందు నుంచి
ఒక చుక్క
బియ్యం డబ్బా మూత మీద
టప్పుమన్నది.
ఆమె లేచి
డబ్బాను జానెడు జరిపింది.